అంకక్రీడలయందు సమాధానముల భేదాభేదవిచారము

సంఖ్యావినోదములను గూర్చి వెలువడుచున్న వ్యాసములలో ఒక లోపము తఱచుగా కనబడుచున్నది. ఫలానా ప్రశ్నకు ఇన్ని సమాధానములు కలవని సంఖ్యను నిర్దేశింతురు గాని, ఏ రెంటిని వేఱుగా లెక్కించిరో, ఏ రెంటిని ఒకటిగా గ్రహించిరో చెప్పరు. భేదమునకు నియామకమేదో చెప్పక భేదసంఖ్యను చెప్పుట, కొలపాత్ర యేదో చెప్పక ధాన్యము పది యనుట వంటిది. పది కుంచములా, పది తూములా అని అడిగి తెలిసికొన్న పిదపనే బేరము సాగును.

ఈ లోపమువలన మిక్కిలి నష్టపడినవాడు నారాయణపండితుడు. 1356లో రచించిన గణితకౌముదియందు, భద్రగణితమను చివరి అధ్యాయమున, పదునాఱు కోష్ఠముల చతుర్భద్రములకు ఆయన 384 భేదములు చెప్పినాడు. ఫ్రాన్సు దేశీయుడైన ఫ్రెనికిల్ ద బెస్సీ కూర్చిన పట్టికలో 880 చతుర్భద్రములు కలవు. అది ఆయన మరణానంతరము 1693లో అచ్చయినది. ఈ రెండు సంఖ్యలను ప్రక్కప్రక్కన నిలిపి, భారతీయునికి సగమైనను దొరకలేదని ఒకరును, మూడు శతాబ్దములకు పూర్వమే చెప్పెను గనుక భారతీయునిదే పైచేయి అని మఱియొకరును వాదింతురు. ఒకరిది నింద, ఒకరిది స్తుతి. రెంటికిని పునాది లేదు. ఏల యనగా ఆ రెండు సంఖ్యలు ఒకే వస్తువును లెక్కించినవి కావు, ఒకే రీతిగా లెక్కించినవియు కావు. ఈ సంగతి విశదమగుటకు ముందు సులభమైన తావునుండి బయలుదేరవలెను.

1, 2, 3, 4 అను నాలుగంకెలను ఒక్కొక్కదానిని ఒక్కసారి మాత్రమే వాడి, సంకలన వ్యవకలన గుణన భాగహారములతో 24 తెప్పింపుమని పిల్లల నడుగు ప్రశ్న యొకటి కలదు. నాలుగింటిని గుణించిన 24 వచ్చును. ఈ గుణనమును వ్రాయు విధములెన్ని? అంకెలను పేర్చు క్రమములు 24, ఒక్కొక్క క్రమమునకు కుండలీకరణములు పెట్టు విధములు 5, వెరసి 120. రెంటిని గుణించునపుడు కుడియెడమల భేదమును విడిచినచో ఈ 120 కాస్త 15 అగును. ఏ రెంటిని ముందు గుణింపవలెనను భేదమును కూడ విడిచినచో 1 మాత్రమే మిగులును. 120 అన్నవాడును, 15 అన్నవాడును, 1 అన్నవాడును ఒకే గుణనమును గూర్చి మాటలాడుచున్నారు. ఎవ్వరును అసత్యమాడలేదు.

అదే ప్రశ్నకు వేఱు సమాధానములును కలవు. మొదటి మూడింటిని కూడి నాలుగుచే గుణించినను 24. ఒకటిని మూడింటితోను, రెంటిని నాలుగింటితోను కూడి ఆ రెండు మొత్తములను గుణించినను 24. ఇవి పై గుణనముకంటె భిన్నములని బాలుడైనను చెప్పును. కాని ఎందుచేత భిన్నములో చెప్పుమన్నచో పెద్దలును తడబడుదురు. ఫలము ఒకటే గనుక ఒకటే యందుమా? అట్లైన ప్రతి ప్రశ్నకును ఒకే సమాధానముండును. ఫలైక్యము ప్రశ్నలోనే నిర్ణయింపబడి యుండుటచే అది భేదకమగుటకు గాని అభేదకమగుటకు గాని తగదు. వ్రాతలో తేడా యున్నది గనుక వేఱందుమా? అట్లైన 120 మరల వచ్చి కూర్చుండును. ఈ రెంటి నడుమ నిలుచు పరీక్ష కావలెను. అది బీజగణితమున సిద్ధముగానే యున్నది. వ్యక్తములైన అంకెల స్థానమున అవ్యక్తములను నిలుపవలెను: 1కి యావత్తావత్తు, 2కి కాలకము, 3కి నీలకము, 4కి పీతకము. ఈ అవ్యక్తములకు ఏ మానము కల్పించినను రెండు ప్రక్రియలు సమఫలములే యగుచున్నచో అవి ఒకటే. ఈ మానములయందు మాత్రమే సమఫలములై, మానము మారినంతనే విడిపోవునట్టివి వేఱు. ఈ పరీక్షచే 120 వ్రాతలును ఒక్కటిగా కలిసిపోవును. పీతకముచే మిగిలిన మూడింటి మొత్తమును గుణించునది వేఱుగా నిలుచును. రెండు మొత్తముల గుణనము మూడవదిగా నిలుచును.

ఇచ్చట ఒక చిక్కు కలదు. రెండు మూడు నాలుగులను గుణించి ఒకటిచే గుణించుటకును, ఒకటిచే భాగించుటకును తేడా యేమి? ఫలము మారదు, బుద్ధియు మారదు. అయినను అవ్యక్తపరీక్ష ఈ రెంటిని వేఱనియే చెప్పును. ఆ మాటయే గ్రాహ్యము. ఇక్కడి సామ్యము ప్రక్రియకు స్వాభావికము కాదు. యావత్తావత్తునకు 1 అను మానము తటస్థించుటచే వచ్చిన ఆగంతుకము. రెండును రెండును కూడినను గుణించినను 4 అగుచున్నదని, కూడికయు గుణకారమును ఒకటే యని ఎవ్వరును అనరు గదా.

అంకెలే పునరుక్తములైనపుడు మఱియొక సంగతి వచ్చును. 3, 3, 8, 8లతో 24 తెప్పించుటకు, 8ని 3చే భాగించి, ఆ ఫలమును 3నుండి తీసివేసి, మిగిలిన మూడవ వంతుచే 8ని భాగింపవలెను. రెండు మూడులకును రెండు ఎనిమిదులకును పరస్పరము చోటు మార్చినచో నాలుగు విధములగునని కొందఱు లెక్క వేయుదురు. కాని ఈ మూడు ఆ మూడు అని గుర్తుపట్టు చిహ్నమేది? అది లేనపుడు భేదము మాటలలోనే యుండును. లీలావతి అంకపాశమున భాస్కరాచార్యుడు ఈ విషయమును తేటగా నిర్ణయించినాడు. 4, 8, 5, 5, 5 అను అంకెలతో ఏర్పడు సంఖ్యలు 120 కావు. తుల్యాంకముల భేదములచే, అనగా 6చే, భాగింపగా 20. ఆ సంఖ్యలన్నిటి యైక్యము 1199988. ఈ యైక్యమును కూడ అడుగుటలోనే ఆచార్యుని లోతు కలదు. పునరుక్తములను వేఱుగా లెక్కించినవానికి ఐక్యము ఆఱు రెట్లై 7199928 వచ్చును. కనుక భేదాభేదవిచారము ఊరక తర్కవినోదము కాదు, ఉత్తరమునే మార్చునది.

అదే లీలావతిలో రెండు ఉదాహరణములను కలిపి చూచిన మఱింత విశదమగును. షడ్రసములను ఒకటి, రెండు, మూడు మున్నగునట్లు కలుపగా ఏర్పడు వ్యంజనభేదములు 63 అని ఒకచోట. చతుర్భుజుడైన హరి గదాచక్రపద్మశంఖములను చేతులు మార్చి ధరింపగా ఏర్పడు మూర్తిభేదములు 24 అని వేఱొకచోట. మొదటిదానిలో క్రమము గణింపబడదు. రెండవదానిలో క్రమమే సర్వస్వము. ఉగాది పచ్చడిలో బెల్లము ముందు వేసినను వేపపువ్వు ముందు వేసినను పచ్చడి యొకటే. హరి చేతులలోని శంఖచక్రములను తారుమారు చేసినచో మూర్తి యొకటి కాదు. ఆ మూర్తి పేరే మారును. సంధ్యావందనమున నిత్యము ఉచ్చరింపబడు కేశవాది నామములు 24 కదా, ఒక్కొక్క నామమునకు ఒక్కొక్క ఆయుధవిన్యాసము. ఒకే గ్రంథకర్త, ఒకే గ్రంథమున, వస్తుస్వభావము ననుసరించి ఒకచోట క్రమమును విడిచి, ఒకచోట పట్టినాడు. భేదనియామకము సంఖ్యలోనుండి రాదు, వస్తువునుండియు ప్రయోజనమునుండియు వచ్చును.

పూర్వమీమాంస ద్వితీయాధ్యాయమంతయు భేదవిచారమునకే వినియోగింపబడినది. శబ్దాంతరము, అభ్యాసము, సంఖ్య, సంజ్ఞ, గుణము, ప్రకరణాంతరము అను ఆఱును కర్మభేదమునకు ప్రమాణములు. మూర్తుల విషయమున సంజ్ఞయే భేదకము: నామము వేఱైనందున మూర్తి వేఱు. కాని ఆఱింటిని అట్లే తెచ్చి గణితమునకు అతుకుట తగదు. మీమాంసయందు అదే క్రియాపదము మరల మరల వచ్చినచో ఆ యభ్యాసమే కర్మభేదమును కల్పించును. ప్రయాజము లైదగుట అందువలననే. గణితమున మూడు ఐదులు వచ్చినంత మాత్రమున విన్యాసములు పెరుగవు, పైగా తగ్గును. ఒక శాస్త్రపు పనిముట్టును మఱియొక శాస్త్రమునకు కొనిపోవునపుడు దాని అంచును పరీక్షింపవలెను. పాఠశాలలలో ఈ రెండు శాస్త్రములను చదివినవారికి ఆ పరీక్ష సుకరము. ఇప్పటి పాఠ్యప్రణాళికలలో గణితగ్రంథములు ఒక మూలను, మీమాంస వేఱొక మూలను ఉండుటచే ఆ కలయికయే దుర్లభమైనది.

ఇక భద్రములు. తొమ్మిది కోష్ఠములలో 1 మొదలు 9 వఱకు నింపి ఎటు కూడినను 15 వచ్చునట్లు చేయు విధములు 8. అవి యన్నియు ఒకే భద్రమును త్రిప్పుటచేతను, అద్దమున చూచినట్లు మార్చుటచేతను వచ్చినవే; కావున గణకుని దృష్టిలో అది యొక్కటే. వృందుని సిద్ధయోగమున సుఖప్రసవమునకై చెప్పబడిన త్రిభద్రమునందు 2 మొదలు 18 వఱకు సరిసంఖ్యలే యుండి మొత్తము 30 వచ్చును:

16 6 8
2 10 18
12 14 4

ప్రతి కోష్ఠమును సగము చేసిన 15 మొత్తముగల భద్రమే యిది. గణకునికి ఇదియు వేఱు కాదు. నవగ్రహయంత్రములును ఇట్టివే. సూర్యునికి 15, చంద్రునికి 18, కుజునికి 21, ఇట్లు మూడేసి పెరుగుచు కేతువునకు 39. ప్రతి కోష్ఠమునందును ఒక్కొక్కటి పెంచుకొనుచు పోయినచో ఈ తొమ్మిదియు సిద్ధించును. గణకుడు వీనిని చూచి ఒక్కటి యనును. ఉపాసకుడు తొమ్మిది యనును; ఒక గ్రహమునకు విధింపబడిన యంత్రమును మఱియొక గ్రహమునకు ఆయన వినియోగింపడు. ఉపాసకుని అమాయకునిగా చూచుట నేటి పరిశోధకులకు పరిపాటి యైనది. ఆయన లెక్క తప్పినవాడు కాడు. ఆయన భేదనియామకము దేవత, గణకుని భేదనియామకము రచన.

చతుర్భద్రములకు వత్తము. నారాయణుడు లెక్కించినది సామాన్యభద్రములను కాదు. అడ్డువరుసలు, నిలువువరుసలు, రెండు ప్రధానకర్ణములు మాత్రమే కాక, అంచున తెగి ఆవలి అంచున కొనసాగు కర్ణములు కూడ 34 కావలెనను నియమము గలవానిని. ఖజురాహో పార్శ్వనాథాలయమున చెక్కబడిన భద్రము ఈ జాతిదే:

7 12 1 14
2 13 8 11
16 3 10 5
9 6 15 4

ఇందు మొదటి రెండు నిలువువరుసలను తీసి చివరకు చేర్చినచో నియమము చెడదు:

1 14 7 12
8 11 2 13
10 5 16 3
15 4 9 6

ఇట్లు వరుసలను చక్రగతిని జరుపుచు 1ని పదునాఱు కోష్ఠములలో దేనియందైనను నిలుపవచ్చును. నారాయణుడు 1 మొదటి కోష్ఠమున నిలిచిన భద్రములను 24 చూపినాడు. వానిని పదునాఱింట పెంచగా 384. ఆ 24 ఎక్కడివి? ఈ జాతి భద్రములలో 1కి నాలుగు దిక్కుల పొరుగున నిలుచునవి ఎల్లప్పుడును 8, 12, 14, 15 మాత్రమే. అంచులను కలుపుకొని చూచినచో పై రెండవ చిత్రమున 1కి కుడివైపున 14, ఎడమవైపున 12, క్రింద 8, పైన 15. ఈ నాలుగింటిని నాలుగు దిక్కులలో పెట్టిన తోడనే మిగిలిన కోష్ఠములన్నియు నిర్ణీతములగును. నాలుగు దిక్కులలో నాలుగంకెలు, నాలుగు చేతులలో నాలుగాయుధములు. హరిమూర్తులు 24 అగుటకును, నారాయణుని పట్టిక 24 అగుటకును గణితము ఒక్కటియే.

ఇప్పుడు భేదాభేదము. ఆయుధములను చేతినుండి చేతికి చక్రక్రమమున త్రిప్పినచో ఒకటే యని అంగీకరించిన 24 మూర్తులు 6 అగును. కుడియెడమల మార్పును కూడ ఉపేక్షించిన 3 అగును. భద్రములకు ఇదే వర్తించును. త్రిప్పుటను, అద్దపు మార్పును ఒకటిగా గ్రహించినచో 384 కాస్త 48. వరుసల చక్రగతిని కూడ ఒకటిగా గ్రహించినచో 3 మాత్రమే. 15కు ఎదుట నిలుచునది 8 యా, 12 ఆ, 14 ఆ అనునదియే ఆ మూడింటి భేదము. ఖజురాహో భద్రము 8 ఎదుట నున్నది. ఇంతటితో ఆగలేదు. 1938లో రాసర్, వాకర్ అను అమెరికా గణితజ్ఞులు మఱికొన్ని నియమబద్ధమైన కోష్ఠపరివర్తనములను కూడ గ్రహించి, ఒక భద్రమునుండి మిగిలిన 383 భద్రములను తెప్పింపవచ్చునని నిరూపించిరి. ఆ దృష్టితో 384 యును ఒక్కటియే.

384, 48, 3, 1. ఇందు ఏది సత్యము? నాలుగును సత్యములే. కాని చివరిదానిని గూర్చి ఒక మాట. భద్రమును త్రిప్పినచో కంటికి తెలియును; వరుస జరిపినచో చేతికి తెలియును. రాసర్ వాకరుల పరివర్తనములలో కొన్ని పొరుగుతనమును కాపాడును గాని వరుసలను చెదరగొట్టును. భద్రము చూచువానికి అవి కనబడవు, ఊహకు మాత్రమే గోచరించును. అది గొప్ప సిద్ధాంతము. అయితే భేదములను లెక్కింప బూనినవానికి అన్నియు ఒకటే యను ఉత్తరము నిష్ప్రయోజనము. అద్వైతము పరమార్థమైనను వ్యవహారమున కుండలు లెక్కింపక తప్పదు. 1ని మొదటి కోష్ఠమున నిలిపి 24 చూపి, చక్రగతిచే 384కు విస్తరించిన నారాయణుని మార్గము మధ్యస్థమై, ప్రదర్శనమునకును గణనకును ఒదిగియున్నది.

ఫ్రెనికిల్ 880 ఎక్కడ? ఆయన తెగిన కర్ణముల నియమమును అడుగలేదు. త్రిప్పినవానిని, అద్దపు మార్పులను ఒకటిగా గ్రహించినాడు. అట్లు గ్రహింపనిచో అవి ఎనిమిదింట పెరిగి 7040. కావున పోల్చదలచినచో 384ను 7040తోను, 48ని 880తోను పోల్చవలెను. అప్పటికిని ఒకటి మఱియొకదానిలో అంతర్భూతమగు జాతి యని గుర్తుంచుకొనవలెను. 384 ఎదుట 880 నిలిపినవాడు తూములను కుంచములతో పోల్చుటయే కాక, వడ్లను బియ్యముతో పోల్చినవాడగును.

ఒక మాటను వాడుటలోను జాగ్రత్త అవసరము. త్రిప్పిన భద్రములు రెండును ఒకటే యన్నపుడు అది తాదాత్మ్యము కాదు, సాజాత్యము. కుట్టకమున ఈ వివేకము స్థిరముగా కలదు. 2, 3, 4, 5, 6లచే భాగింపగా 1 మిగులుచు 7చే నిశ్శేషముగా భాగింపబడు సంఖ్య 301. దానికి 420 క్షేపము చేర్చుచు పోయిన 721, 1141 మున్నగునవి. కనిష్ఠమును చెప్పి క్షేపమును చెప్పినచో అనంతమైన పరివారమంతయు చెప్పబడినట్లే. కాని 301, 721 ఒకటే యని కుట్టకము తెలిసినవాడెవడును అనడు. ఫ్రెనికిల్ కూడ ప్రతి యెనిమిదింటికి ఒక ప్రతినిధిని ఏర్పరచినాడు: నాలుగు మూలలలో కనిష్ఠమైనది పైన ఎడమమూలను ఉండవలెను, దాని కుడిప్రక్క అంకె క్రింది అంకెకంటె చిన్నదై యుండవలెను. ప్రతినిధి వేఱు, పరివారము వేఱు.

సాజాత్యమునకు తావే లేని ప్రశ్నలును కలవు. భాస్కరుని బీజగణితమున నూఱు ద్రమ్మములకు నూఱు పక్షులను తెమ్మను ప్రశ్న అట్టిది. మూటికి ఐదు పావురములు, ఐదింటికి ఏడు సారసములు, ఏడింటికి తొమ్మిది హంసలు, తొమ్మిదింటికి మూడు నెమళ్లు. ఏ పక్షిని విడువక, చెప్పిన గుంపుల లెక్కననే కొన్నచో సమాధానములు 6. నెమళ్ల గుంపులు నాలుగైనపుడు 4, ఐదైనపుడు 2. వెలలు వేఱువేఱు గనుక ఒకదానిని త్రిప్పి మఱియొకదానిని తెచ్చుటకు వీలులేదు. ఇట్టిచోట భేదవిచారము అనవసరము, లెక్క చాలును.

తెలుగునాట ఈ విచారము మిక్కిలి అవసరమగునది గ్రంథపరిష్కరణమున. పావులూరి మల్లన మహావీరుని గణితసారసంగ్రహమును తెనిగించిన నాటినుండి గణితము తెలుగు తాళపత్రములకు ఎక్కినది. అంకెలు, చక్రములు గల ప్రతులు పరిష్కర్తల చేతికి నేటికిని వచ్చుచున్నవి. రెండు ప్రతులలో ఒకే భద్రము రెండు విధముల కనబడినచో అది పాఠభేదమా, లేఖకదోషమా, అభేదమా? శ్లోకమున అక్షరము మారినంతనే అడుగున పాఠాంతరము చూపు పరిష్కర్తలు చక్రము కడకు వచ్చునప్పటికి ఏదో యొక ప్రతిని పట్టుకొని ముద్రించి ఊరకుందురు. దీనికి సందర్భము ననుసరించి తీర్పు వేఱుగా నుండవలెను. ఉదాహరణముగా ఒంటరిగా ఇచ్చిన భద్రమును లేఖకుడు త్రిప్పి వ్రాసినచో నష్టము లేదు. అడుగున సూచించిన చాలును. పూజాయంత్రమైనచో దిక్కు నిర్దిష్టము గనుక దోషమే. నారాయణుని 24 వంటి పట్టికలోనైనచో ప్రమాదము గూఢముగా నుండును. లేఖకుడు అడ్డువరుసలను నిలువుగా వ్రాసెననుకొందము. పై రెండవ చిత్రము ఇట్లగును:

1 8 10 15
14 11 5 4
7 2 16 9
12 13 3 6

1 కదలలేదు. మొత్తములు చెడలేదు. ఎటు కూడినను 34. సరిచూచువాడు శుద్ధప్రతి యని మురియును. కాని ఇది ఆ 24లో మఱియొక స్థానమున ఇదివఱకే యున్న భద్రము. అందుచే పట్టికలో ఒకటి రెండుసార్లు వచ్చి, ఒకటి లోపించును. కూడిక చూచి దీనిని పట్టుకొనుట అసాధ్యము. 1కి నాలుగు దిక్కుల నున్న 8, 12, 14, 15ల విన్యాసమును ప్రతి భద్రమునకును వ్రాసికొని, 24 విన్యాసములును ఒక్కొక్కసారి వచ్చినవో లేదో చూచినచో అర్ధఘడియలో తేలిపోవును.

పరీక్షాపత్రములు దిద్దువారికి కూడ ఈ మాట వర్తించును. త్రిభద్రము వ్రాయుమని మాత్రమే అడిగి, విద్యార్థి దానిని త్రిప్పి వ్రాసినందున ఉత్తరపత్రముతో సరిపోలలేదని సున్న వేయుట అన్యాయము. నిర్దిష్టమైన రూపమే కావలెనన్నచో 1 ఏ కోష్ఠమున నుండవలెనో, దాని ప్రక్కమూలలలో చిన్న అంకె యెటువైపున నుండవలెనో ప్రశ్నలోనే చెప్పవలెను. ఆ రెండు మాటలచేత ఎనిమిది రూపములును ఒక్కటిగా కుదురును.